మోకాళ్ల పర్వతం దాకా

వాలీబాల్‌లో స్మాష్ కొట్టి కిందికి దిగినప్పుడు నా కుడి మోకాలిలో టప్‌మని శబ్దం వచ్చింది, పక్కనున్నవాడికి కూడా వినిపించింది. పాదం నేలకు అతుక్కునే ఉంది, ఒళ్లు మాత్రం పక్కకు తిరిగింది. రెండు గంటల్లో మోకాలు గిన్నె బోర్లించినట్టు ఉబ్బింది. ఎక్స్‌రే చూసిన డాక్టరు ఎముక విరగలేదు, బెణికిందంతే అని క్రేప్ బ్యాండేజ్ చుట్టి పంపించాడు. మా పెదనాన్న పుత్తూరు కట్టుకు పోదాం రా అన్నాడు, మా వైపు చెయ్యి విరిగినా కాలు విరిగినా మొదట వచ్చే మాట అదే. విరగని ఎముకకు కట్టెందుకని నేను పోలేదు.

మూడు వారాలకు వాపు తగ్గింది, నడిచాను, బండి నడిపాను, బాగైపోయిందనుకున్నాను. కానీ మెట్లు దిగుతున్నప్పుడు, తిరుపతి లీలామహల్ సర్కిల్లో రోడ్డు దాటుతూ గబుక్కున పక్కకు తిరిగినప్పుడు మోకాలు ఉన్నట్టుండి జారిపోయేది. అలా జారిన ప్రతిసారీ లోపల రెండెముకల మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్ కూడా నలుగుతుందని నాకెవరూ చెప్పలేదు, ఆ కోపం ఇప్పటికీ ఉంది. మూడు నెలల తర్వాత ఇంకో డాక్టరు నన్ను పడుకోబెట్టి, మోకాలు కొంచెం వంచి, పిక్క పట్టుకుని ముందుకు లాగి చూశాడు. ఎడమకాలికీ అలాగే చేసి "తేడా మీకే తెలుస్తోంది కదా?" అన్నాడు. తెలిసింది. ఎమ్మారైలో ఏసీఎల్, అంటే మోకాలి లోపల తొడ ఎముకనీ కింది ఎముకనీ పట్టి ఉంచే లిగమెంట్, పూర్తిగా తెగిందని, మెనిస్కస్ అంచు చిరిగిందని వచ్చింది. ఎక్స్‌రేలో లిగమెంట్ కనిపించదు, అందుకే మొదటిసారి అంతా బాగున్నట్టు అనిపించింది.

"తెగిన రెండు కొసలూ కలిపి కుట్టేయలేరా సార్?" అని అడిగాను. కీలు లోపలి ద్రవంలో రక్తం గడ్డకట్టి నిలవదు కాబట్టి అక్కడ కుట్టినా చాలామందికి అతుక్కోదట, పాతరోజుల్లో అలా కుట్టి చూసి తర్వాత చాలావరకు మానుకున్నారట. అందుకే ఒంట్లోనే ఇంకోచోటి నుంచి స్నాయువు, అంటే కండరాన్ని ఎముకకు కలిపే తాడులాంటిది, తీసి కొత్త లిగమెంట్ కడతారు. మోకాలిచిప్ప కింది స్నాయువును రెండు చివరలా ఎముక ముక్కలతో తీస్తే ఎముకకు ఎముక త్వరగా అతుక్కుంటుంది, కానీ మోకాళ్ల మీద కూర్చుంటే ముందువైపు నొప్పి మిగలొచ్చు. తొడ వెనక హ్యామ్‌స్ట్రింగ్ కండరాల నుంచి తీస్తే ఆ ఇబ్బంది తక్కువ, ఎముకలో తొలిచే సొరంగంలో అతుక్కోవడం మాత్రం కాస్త నిదానం. "ఇంట్లో కింద కూర్చుంటారా? కొండెక్కుతారా?" అని అడిగి, హ్యామ్‌స్ట్రింగే తీద్దామన్నారు.

ఆపరేషన్‌కు వెన్నులో మత్తు ఇచ్చారు కాబట్టి మోకాలిలో పెట్టిన కెమెరా చూపించేదంతా స్క్రీన్ మీద చూశాను. లోపల లేతకొబ్బరిలా తెల్లగా ఉంది, తెగిన లిగమెంట్ కొసలు మాత్రం నలిగిన కొబ్బరిపీచులా తేలుతున్నాయి. తీసిన స్నాయువులను మడతపెట్టి 8 మిల్లీమీటర్ల లావు తాడులా చేశారు, తొడ ఎముకలో ఒకటి, కింది ఎముకలో ఒకటి సొరంగాలు తొలిచి దాన్ని లోపలికి లాగారు, పైన చిన్న లోహపు బటన్, కింద స్క్రూ.

మర్నాడు పొద్దున ఫిజియో వచ్చి మోకాలు వంచకుండా కాలు పైకెత్తమంది. ఎత్తుదామని నా ప్రాణమంతా పెట్టినా తొడ కదల్లేదు. నా కాలు నా మాట వినకపోవడం చూసి ఏడుపొచ్చింది. ఐదోరోజుకు మంచం మీంచి రెండంగుళాలు లేచింది, అమ్మ పక్కింటివాళ్లను పిలిచి మరీ చూపించింది. మెనిస్కస్‌కు కుట్లేశారు కాబట్టి నాలుగు వారాలు 90 డిగ్రీలకు మించి వంచొద్దన్నారు, కానీ నిటారుగా చాపడంలో మాత్రం ఒక్కరోజూ వదల్లేదు. మడమ కింద చుట్టిన టవల్ పెట్టి, మోకాలు దానంతటదే కిందికి వాలేదాకా పది నిమిషాలు అలా ఉండాలి. వంగడం తర్వాతైనా వస్తుంది, చాపడం పోతే కుంటుతావు అనేది ఆమె.

మూడోనెలలో నొప్పి దాదాపు లేదు. అమ్మ మొక్కు గుర్తుచేసింది, అలిపిరి మెట్లెక్కుదాం అని. నాకూ ఎక్కగలననిపించింది. ఫిజియో గట్టిగా వద్దంది. పెట్టిన స్నాయువుకు మొదట రక్తప్రసరణ ఉండదు, మెల్లగా కొత్త రక్తనాళాలు, కణాలు పెరిగి లిగమెంట్‌గా మారుతుంది, ఆ మార్పు మధ్యలో దాని బలం తగ్గుతుంది, ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య మరీ. మనకు బాగున్నట్టు అనిపించే రోజులూ అవే. ఆ మాట వినకపోయుంటే మళ్లీ తెంపుకునేవాణ్నే. ఆటలైతే తొమ్మిది నెలలు దాటాకే, అదీ రెండు తొడల బలం కొలిచి చూశాక.

పదకొండోనెలలో ఎక్కాం. అమ్మ మెట్టుమెట్టుకూ పసుపు కుంకుమ పెడుతూ వస్తోంది, ఆ నిదానమే నా మోకాలికి సరిపోయింది. మోకాళ్ల పర్వతం దగ్గర రామానుజులవారు కొండ మీద పాదం మోపకుండా మోకాళ్లతో ఎక్కారని చెప్తారు, మా ముందు ఒకావిడ అలాగే ఎక్కుతోంది. నేను నడిచే ఎక్కాను. మోకాలి కింద ముందువైపు మచ్చ పక్కన అరచేయంత చోట ఇప్పటికీ స్పర్శ లేదు, చెమట కారుతున్నా అక్కడ తెలియలేదు. దిగడం మోకాలికి ఎక్కడంకన్నా కష్టం కాబట్టి దర్శనమయ్యాక బస్సులో దిగాం.