ఏ పార్టు మార్చావని కాదు, ఎలా కనిపెట్టావని అడగాలి

సెలవు మీద వైజాగ్ వచ్చినప్పుడల్లా ఆటోనగర్ కుర్రాళ్లు కలుస్తుంటారు. "అన్నా, గల్ఫ్ రావాలంటే ఏటి నేర్చుకోవాలి?" అని అడుగుతారు. వీసా, రూము, జీతం సంగతులు చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను పని గురించి రాస్తాను, అందులోనూ ఇంజను వేడెక్కడం గురించి, ఎందుకంటే షార్జాలో ఎండాకాలం మా గ్యారేజీకి వచ్చే బండ్లలో ఎక్కువ వాటిది ఇదే గోల.

అక్కడ ఎండ 45 డిగ్రీలు దాటిపోతుంది. నిస్సాన్ పాట్రోల్ 4.8 లీటర్ల ఇంజనుకి టర్బో (ఇంజనులోకి గాలి గట్టిగా నెట్టే పంకా) బిగించి ఇసుక దిబ్బలెక్కిస్తారు. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఉంటుంది, బండి మాత్రం మెల్లగా కదులుతుంది, రేడియేటర్‌కి గాలి చాలదు. మన అనంతగిరి ఘాట్‌లో నిండా జనంతో ఎక్కే బండి పడే కష్టమే అది, కాకపోతే అక్కడ ఇంజను పవర్ చాలా ఎక్కువ, వేడీ అంతే ఎక్కువ. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు ఆరుబయట ఎండలో పని చేయించకూడదని రూలు ఉంది గానీ రేకుల షెడ్డులో ఉన్న మాకు అది వర్తించదు. ఆ వేడిలో మరిగే ఇంజను ముందు నిలబడి కూడా తొందరపడకుండా ఆలోచించడమే అక్కడ అసలు పని.

కస్టమర్‌ని మొదట అడగాల్సింది, బండి ఎప్పుడు వేడెక్కుతోంది అని. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు టెంపరేచర్ ముల్లు లేచి, కదలగానే దిగిపోతే ఫ్యాను, దాని రిలే, ఏసీ కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య పేరుకున్న ఇసుక చూడాలి. హైవేలో స్పీడ్ మీద వేడెక్కితే గాలి సమస్య చాలావరకు కాదు, నీళ్లు తిరగడం లేదన్నమాట. అప్పుడు లోపల పూడుకుపోయిన రేడియేటర్, వాటర్ పంపు, ఆర్‌పీఎం పెరిగినప్పుడు పీల్పుకి నొక్కుకుపోయే కింది హోస్ (రబ్బరు గొట్టం) చూడాలి. ఈ ఒక్క ప్రశ్నతో సగం దారి తెలుస్తుంది, స్కానర్ కూడా పెట్టకుండానే.

తర్వాత కూలెంట్, అంటే ఇంజనుని చల్లబరిచే ద్రవం, తగ్గుతోందా లేదా అన్నది. తగ్గుతుంటే ఇంజను చల్లారాక ప్రెషర్ టెస్టర్ పెట్టి, రేడియేటర్ మూత మీద ఎంత ప్రెషర్ రాసి ఉందో అంతవరకే పంపు కొట్టి, కాసేపు వదిలేసి టెస్టర్ ముల్లు పడుతుందేమో చూడాలి. మూతని కూడా విడిగా టెస్ట్ చేయాలి, దీన్ని చాలామంది వదిలేస్తారు. కూలెంట్, నీళ్లు సగం సగం కలిపితే ప్రెషర్ లేకుండా దాదాపు 106 డిగ్రీలకే మరుగుతుంది, 1 బార్ ప్రెషర్ పట్టి ఉంచితే 129 దాకా ఆగుతుంది. అంటే స్ప్రింగ్ అరిగిన ఒక్క మూత వల్ల మంచి ఇంజను కూడా పొంగిపోతుంది!

పెద్ద బండ్లలో లీకు కారిన చోట కనిపించదు. మొదటి తరం పోర్షా కయెన్ వీ8లో కూలెంట్ పైపులు ప్లాస్టిక్‌వి, ఇన్‌టేక్ మానిఫోల్డ్ కింద ఉంటాయి. అవి పగిలితే కూలెంట్ ఇంజను మధ్య లోయలో నిలిచి, వెనక్కి పాకి, స్టార్టర్ మోటారు మీదుగా కిందికి కారుతుంది. కింద చుక్కలు చూసినవాడు గేర్‌బాక్స్ వైపు వెతుకుతాడు. ఆ పైపులు తీసి అల్యూమినియంవి వేస్తే గానీ బాధ తీరదు. బీఎమ్‌డబ్ల్యూ ఎన్63లాంటి ఇంజన్లలో టర్బోలు రెండు వరసల సిలిండర్ల మధ్యలోనే కూర్చుంటాయి. అక్కడ కారిన చుక్క నేల చేరకముందే ఆవిరైపోతుంది, కాబట్టి తడి కోసం కాదు, ఎండిపోయిన మరక కోసం టార్చి వేసి వెతకాలి, లేదా యూవీ డై (యూవీ లైటు వేస్తే మెరిసే రంగు) కూలెంట్‌లో వేయాలి.

బయట ఏమీ లేకుండా కూలెంట్ తగ్గుతుంటే అప్పుడే హెడ్ గ్యాస్కెట్ (ఇంజను బ్లాకుకీ పైన హెడ్‌కీ మధ్య ఉండే సీలు) మీద అనుమానం. చల్లటి ఇంజను స్టార్ట్ చేసిన వెంటనే పై హోస్ రాయిలా బిగుసుకుంటే అది వేడి వల్ల వచ్చిన ప్రెషర్ కాదు, సిలిండర్ గ్యాస్. రేడియేటర్ మూత దగ్గరి గాలిని నీలం రంగు ద్రావకం గుండా లాగి చేసే టెస్టులో ఆ ద్రావకం పసుపు రంగుకి మారితే ఖాయం. మారకపోతే మాత్రం బాగుందని చెప్పేయకండి, టర్బో ఇంజన్లలో ఒక్కోసారి హెడ్ బూస్ట్ (టర్బో ప్రెషర్) వచ్చినప్పుడే లేస్తుంది, ఐడిల్‌లో ఏమీ తెలియదు. లోడ్ మీద తిప్పి తెచ్చి మళ్లీ చూడాలి. సిలిండర్‌లోకి బోర్‌స్కోప్ (సన్నటి కెమెరా) దించితే మిగతా పిస్టన్లు నల్లగా ఉండి ఒక్కటి కడిగినట్టు శుభ్రంగా ఉంటుంది, అదే దొంగ.

మన షెడ్లలో బండి హీట్ అవుతోందంటే థర్మోస్టాట్ (వేడెక్కాక తెరుచుకుని నీళ్లని రేడియేటర్‌కి వదిలే వాల్వు) తీసి పారేస్తారు. ఇది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. కొన్ని ఇంజన్లలో అది తెరుచుకున్నప్పుడే బైపాస్ దారి మూసుకుంటుంది, తీసేస్తే వేడి నీళ్లలో కొంత రేడియేటర్‌కి వెళ్లకుండానే తిరిగి ఇంజనులోకి వస్తాయి. పైగా బోరు నీళ్లు పోస్తారు, లోపల సున్నం కడుతుంది. బయట సముద్రపు గాలి రేడియేటర్ రెక్కల్ని తినేస్తూనే ఉంటుంది.

గాజువాక కుర్రాళ్ల చేతిలో పనితనానికి లోటు లేదు. తేడా డబ్బు దగ్గరుంది. మా గ్యారేజీలో తప్పు కనిపెట్టిన గంటకి విడిగా బిల్లు ఉంటుంది, ఫొటోలతో సహా జాబ్ కార్డులో రాయాలి. ఇక్కడ కస్టమర్ "ఏ పార్టు మార్చావు" అని అడుగుతాడు, మార్చకపోతే డబ్బులివ్వడు, అందుకే మెకానిక్ ఏదో ఒకటి మారుస్తాడు. బండి ఓనర్లు దీని గురించి ఆలోచించాలి.

రావాలనుకునేవాళ్లు వీసా చేతికి రాకముందే ఒక ప్రెషర్ టెస్టర్ కొనుక్కుని, వచ్చిన ప్రతి బండికీ పెట్టి చూడండి, కనిపించింది హిందీలో చెప్పడం, ఇంగ్లిష్‌లో నాలుగు లైన్లు రాయడం అలవాటు చేసుకోండి. వేడి మీద మూత మాత్రం ఎవరు తొందరపెట్టినా తిప్పకండి.