ఎక్స్‌రేలో కనపడని నొప్పి

తుంటి విరిగిందని చెప్పడానికి డాక్టర్లకు పది నిమిషాలు చాలింది. అది అతుక్కోలేదని వాళ్లను ఒప్పించడానికి నాకు నెలలు పట్టింది.

మెట్ల మీద జారి పడ్డాను. తొడ ఎముక మెడ భాగం, అంటే పైన గుండ్రటి తలకు కాస్త కింద, విరిగింది. యాభై నిండలేదు కాబట్టి కీలు మార్చకుండా మూడు స్క్రూలు వేసి బిగించారు. ఆపరేషన్, కుట్లు, వాకర్‌తో ఇంటికి రావడం, ఇవన్నీ అందరికీ ఉండేవే. "మూడు నెలల్లో మామూలుగా నడిచేస్తారు" అన్నారు.

ఆ మూడు నెలలూ దాటిపోయాయి. పడుకుంటే ఏమీ ఉండేది కాదు. లేచి ఆ కాలి మీద బరువు మోపగానే గజ్జలో పోటు, అక్కడి నుంచి తొడ లోపలి వైపుగా మోకాలి దాకా లాగుడు. మోకాలికి ఏదో అయిందని కూడా అనుకున్నాను. చెకప్‌కి వెళ్తే డాక్టర్ గారు ఎక్స్‌రేని లైటు ముందు పెట్టి చూసి, "స్క్రూలు బాగానే ఉన్నాయమ్మా. నొప్పి కాల్లో లేదు, మీ బుర్రలో ఉంది. ధైర్యంగా అడుగెయ్యండి" అన్నారు. పక్కనున్న మా ఆయన కూడా నవ్వారు. ఆ నవ్వుని నేనింకా పూర్తిగా క్షమించలేదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు.

ధైర్యంగానే వేశాను. ఒక రాత్రి బాత్రూంకని లేచి, వాకర్ జరిపి కాలు మోపితే లోపల 'టక్' మంది. పాదం దానంతటదే బయటికి తిరిగిపోయింది. పడలేదు గానీ కదలలేకపోయాను. మంచం రెండడుగుల వెనకే ఉంది, ఆ రెండడుగులూ వెయ్యలేను. ఆయన్ని పిలుద్దామని నోరు తెరిచి మళ్లీ మూసుకున్నాను. ఇది కూడా నా బుర్రలోదేనంటారేమో! నొప్పి కన్నా ఆ అనుమానమే ఎక్కువ భయపెట్టింది. చేతుల చెమటకి వాకర్ పిడులు జారుతున్నాయి. మంచి కాలు వణకడం మొదలైంది. ఎంతసేపు నిలబడ్డానో తెలీదు. ఆయనకే మెలకువ వచ్చి, పరుగున వచ్చి పట్టుకుని మంచం మీద పడుకోబెట్టారు. ఆ కాలి కింద దిండు సర్ది, తెల్లారేదాకా పాదం పట్టుకుని కూర్చున్నారు. ఆ రోజు నవ్విన మనిషే.

పొద్దున వచ్చిన ఫిజియోథెరపీ అమ్మాయి ఎక్సర్‌సైజుల జోలికే పోలేదు. టేపు తీసి, నడుం ముందు ఎముక కొస నుంచి చీలమండ దాకా రెండు కాళ్లూ కొలిచింది. నమ్మకం లేక ఇంకోసారి కొలిచింది. "ఆంటీ, ఈ కాలు సెంటీమీటరున్నర పొట్టిగా ఉంది. బరువు అస్సలు మోపొద్దు, వెంటనే సీటీ స్కాన్ తీయించండి" అంది. దేవుడు ఆ రోజు టేపు పట్టుకుని వచ్చాడనే నా నమ్మకం. నవ్వేవాళ్లు నవ్వుకోండి.

స్కాన్‌లో విరిగిన చోట సందు అలాగే ఉంది. ఒక స్క్రూ వెనక్కి జరిగిపోయింది. రెండో డాక్టర్ గారు కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పారు. ఈ మెడ భాగం కీలు సంచి లోపల ఉంటుంది. ఎముక తలకి రక్తం తెచ్చే సన్నటి నాళాలు దాన్ని ఆనుకునే పోతాయి కాబట్టి, ఎముకతో పాటు అవీ దెబ్బతింటాయి. మిగతా ఎముకలకు పైపొర నుంచి కొత్త ఎముక పుడుతుంది, ఇక్కడ ఆ ఆసరా కూడా లేదు. పైగా విరిగిన గీత 50 డిగ్రీలు దాటి నిలువుగా ఉంటే, అడుగు వేసినప్పుడల్లా పై ముక్క ఏటవాలు బల్ల మీద పుస్తకంలా జారుతుంది. నాది అలాంటి గీతే. ఫ్రీడ్రిష్ పావెల్స్ అనే జర్మన్ సర్జన్ 1935లోనే ఈ లెక్కంతా రాసిపెట్టారట. నా ఎక్స్‌రే మీద ఆ గీత ఎటు వాలిందో చూసే తీరిక మాత్రం మొదటి డాక్టర్ గారికి దొరకలేదు. నన్ను ధైర్యంగా అడుగెయ్యమన్నారు!

లోపల ఇన్ఫెక్షన్ ఉందేమోనని ఈఎస్ఆర్, సీఆర్పీ అనే రక్త పరీక్షలు చేయించారు. షుగరు, విటమిన్ డి కూడా చూశారు. డి బాగా తక్కువగా ఉంది, మిగతావి ఫర్వాలేదు. సిగరెట్ అలవాటుందా అని అడిగారు, అది కూడా ఎముకని అతకనివ్వదట. ఎముక తల చచ్చుబడి ఉన్నా, వయసు పైబడినా కీలు మార్చడమే మేలన్నారు. నా ఎముక తలకి ఇంకా ప్రాణం ఉంది కాబట్టి, తొడ ఎముకని కాస్త కిందుగా కోసి, కోణం మార్చి ప్లేటు వేశారు. అలా చేస్తే, జార్చే బరువే రెండు ముక్కల్నీ కలిపి నొక్కుతుంది.

తర్వాత కాలి వేళ్లు నేలకు ఆనించడం తప్ప బరువు పెట్టనివ్వలేదు. ఈసారి ఎవరూ ధైర్యం గురించి మాట్లాడలేదు. మా ఆయన ఇల్లంతా తిరిగి కాలికి తగిలే పట్టాలన్నీ తీసేశారు, అడక్కుండానే. నాలుగో నెల ఎక్స్‌రేలో సందు మీద తెల్లటి వంతెన కట్టడం మొదలైంది. గజ్జలో పోటు మాత్రం అంతకు ముందే పోయింది.

ఇలాంటి ఆపరేషన్ అయినవాళ్లకి ఒక్క మాట చెప్తాను. నెలలు గడిచినా బరువు మోపితే గజ్జలో నొప్పి వస్తోందా, కాలు కురచైనట్టుందా, పాదం బయటికి తిరుగుతోందా? ఎక్స్‌రే బాగుందన్న మాటతో లేచి రాకండి, సీటీ స్కాన్ అడగండి. విసుక్కుంటే విసుక్కోనివ్వండి. పాత ఫిల్ములు పారెయ్యకండి, మొదటి రోజుది ముఖ్యంగా. రెండో డాక్టర్ గారు గీతని చూసింది దాంట్లోనే.

ఇప్పుడు ఇంట్లో కర్ర లేకుండా, బయట కర్రతో నడుస్తున్నాను. కొంచెం కుంటు మిగిలింది, చెప్పులో చిన్న మెత్త వేసుకుంటున్నాను. ఎముక అతికిన తర్వాత కూడా రక్తం చాలక ఎముక తల కుంగిపోయే ప్రమాదం రెండేళ్ల దాకా, ఒక్కోసారి ఆ తర్వాత కూడా ఉంటుందన్నారు. అందుకే చెప్పిన గడువుకి వెళ్లి ఎక్స్‌రే తీయించుకుంటున్నాను. ఆ ముందు రాత్రి మాత్రం మా ఇద్దరికీ నిద్ర పట్టదు.