ఒక్క సీసీ దగ్గర పడ్డ మాట

“మీ దేశంలో ఇలాగే చేస్తారా? నా ఇంజిన్‌ని అందాజాగా కడతారా ఏంటి?” అన్నాడు కస్టమరు. అప్పుడే సిలిండరు తుడిచి, లోపల బొటనవేలు తిప్పి చూస్తున్నాను. పనిచేసే చోట మాట పడటం నాకు కొత్తేం కాదు. ఈ మాట మాత్రం నన్ను దాటి మా బాబాయి దాకా వెళ్ళింది. అందుకే ఇంకా గుచ్చుకుంటోంది.

నేను పనిచేసేది నార్త్ కరోలినాలో, మూర్స్‌విల్ దగ్గర ఒక చిన్న ఇంజిన్ షాపులో. నాస్కార్ (అమెరికాలో పేరున్న కార్ల రేసులు) టీములు చాలావరకు ఈ చుట్టుపక్కలే ఉంటాయి. నాతో పాటు షార్లెట్‌లో ఎమ్మెస్ చేసిన మనవాళ్ళంతా బ్యాంకుల ఐటీ ఉద్యోగాల్లో కుదురుకున్నారు. నేను విజయవాడ ఆటోనగర్‌లో బాబాయి బోరింగ్ షాపులో, అంటే అరిగిన ఇంజిన్ సిలిండర్లు చెక్కి సరిచేసే చోట, పెరిగినవాణ్ణి. దసరాకి సిలిండరు వెడల్పు కొలిచే బోర్ గేజ్‌కి కూడా బొట్టు పెట్టేవాళ్ళం. అక్కణ్ణుంచి వచ్చినవాడికి కొలత విలువ తెలియదంటే ఎలా ఊరుకుంటాను?

ఆ ఇంజిన్ షెవ్రోలే 350, ఎనిమిది సిలిండర్లది. ముప్పై థౌ (అంగుళంలో వెయ్యో వంతుని థౌ అంటాం) ఓవర్‌సైజ్ కొట్టించింది. బోరు, అంటే సిలిండరు వెడల్పు, 4.030 అంగుళాలు; స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం, 3.48 అంగుళాలు. అంటే పిస్టన్ కింది నుంచి పైకి వచ్చేసరికి ఒక్కో సిలిండరులో 727.4 సీసీ ఊడుస్తుంది. పిస్టన్ పూర్తిగా పైకొచ్చాక మిగిలే చోటు 73.5 సీసీ అయితే కంప్రెషన్ రేషియో, అంటే ఆ రెండు చోట్లూ కలిపి మిగిలే చోటుతో భాగిస్తే వచ్చే అంకె, 10.90. అదే 72.5 అయితే 11.03. ఈయన పరుగెత్తే క్లాసులో పరిమితి 11. ఒక్క సీసీ తక్కువైతే గెలిచిన రేసు కూడా చేజారిపోతుంది. భయపడి చోటు ఎక్కువ వదిలితే పవర్ పోతుంది. నాస్కార్ పెద్ద పోటీ కప్ సిరీస్‌లో పరిమితి 12, అక్కడా ఇదే టెన్షన్.

ఆ మిగిలే చోటంతా ఒక్క దగ్గర ఉండదు. హెడ్డులో (సిలిండర్ల పైమూతలో) గుంట, గ్యాస్కెట్ మందం, పిస్టన్ తలకీ బ్లాకు అంచుకీ మధ్య తేడా, వాల్వులు తగలకుండా పిస్టన్ మీద తీసిన పాకెట్లు, పై రింగుకి పైన పిస్టన్ చుట్టూ ఉండే సన్నటి సందు, అన్నీ కలపాలి. కంపెనీ కాగితంలో ఉన్న అంకెలు వేసుకుంటే సరిపోదు. బ్లాకు పై అంచు పది థౌ ఎక్కువ చెక్కారంటే అక్కడే 2 సీసీ తగ్గిపోతుంది.

హెడ్డు కొలిచే పని నాకు చాలా ఇష్టం. వాల్వులు, స్పార్క్ ప్లగ్గు బిగించి, హెడ్డు తిరగేసి, ఒక వైపు కొంచెం ఎత్తు పెడతాం. గుంట చుట్టూ సన్నగా గ్రీజు రాసి, చిల్లు ఉన్న యాక్రిలిక్ పలక అద్దుతాం. గ్రీజు లోపలికి పొంగితే అది ఆక్రమించిన చోటు కొలతలో తప్పిపోతుంది కాబట్టి పలక తీసి, తుడిచి మళ్ళీ అద్దాలి. బ్యూరెట్టులో (కొలత గీతలున్న సన్నటి గాజు గొట్టంలో) నీలం విండ్‌షీల్డ్ వాషర్ ఫ్లూయిడ్ పోసి, చిల్లు ఎత్తు వైపు ఉండేలా చూసుకుని వదులుతాం. చివర్లో ఒక బుడగ పలక కింద అటూ ఇటూ తిరిగి, చిల్లు దగ్గరికొచ్చి పోతుంది. అప్పుడు బ్యూరెట్టు గీత కంటికి సమానంగా చూసి రాయాలి. పిస్టన్ పాకెట్లకి ఇంకో పద్ధతి. డయల్ గేజ్ పెట్టి పిస్టన్‌ని పావు అంగుళం కిందికి దింపి, అంచు గ్రీజుతో మూసి నింపుతాం. పాకెట్లు లేకపోతే 52.3 సీసీ పట్టాలి. 57.3 పట్టిందంటే పాకెట్లు 5 సీసీ అన్నమాట. ఇలా ఎనిమిది సిలిండర్లకీ.

మరి బొటనవేలు ఎందుకంటారా? గేజ్ పెట్టాక కూడా వేలు తిప్పుతాను. గేజ్ పెట్టిన చోటే కొలత చెబుతుంది, వేలు గోడంతా చూస్తుంది. బాబాయి అలాగే నేర్పాడు. ఆయనదీ అందాజా పని కాదు. పిస్టన్‌కీ హెడ్డుకీ మధ్య సీసం తీగ పెట్టి, క్రాంకు ఒక చుట్టు తిప్పి, నలిగిన తీగని మైక్రోమీటరుతో కొలిచేవాడు. బయట లారీ డ్రైవరు కూర్చుని ఉండేవాడు, ఫైనాన్సు కిస్తీ నెత్తి మీద ఉండేది. సిలిండర్లన్నీ మూడేసిసార్లు నింపి చూసుకోవడానికి ఎవరు డబ్బిస్తారు? ఇక్కడ కస్టమరు గంటల లెక్కన ఇస్తాడు, ఇంజిన్ స్టాండు మీద వారం ఉన్నా అడగడు. ఈ తేడా తెలియకుండా “మీ దేశం” అనేస్తే ఎలా?

మా షాపు పెద్దాయన ఆ రోజు నా తరఫున ఒక్క మాట అనలేదు. నేను నింపిన షీటు తెచ్చి కస్టమరు ముందు పెట్టాడంతే. ఎనిమిది సిలిండర్లు, ఒక్కోదానికి మూడు రీడింగులు, అన్నీ నా చేతిరాత. కస్టమరు చదివి తలూపి వెళ్ళిపోయాడు. ఆటోనగర్‌లో అయితే షాపు కుర్రాణ్ణి ఎవరైనా అంత మాటంటే బాబాయి ఇంజిన్ పక్కన పెట్టి ముందు వాడి సంగతి తేల్చేవాడు. ఆ షీటు పెట్టడమే మీ తరఫున మాట్లాడటం అంటుంది మా ఆవిడ. కావచ్చు. నాకు మాత్రం ఒక మాట కావాలనిపించింది.

అయితే బాబాయి దగ్గర అలాంటి షీటు లేదన్నది నిజం. ఆయన కొలతలు బ్లాకు మీద చాక్‌పీసుతో ఉండేవి. ఇంజిన్ కడిగితే పోయేవి. ఎన్ని వందల ఇంజిన్ల లెక్క అలా డీజిలు నీళ్ళలో కొట్టుకుపోయిందో తలుచుకుంటే బాధేస్తుంది.

మొన్న బాబాయి ఫోన్‌లో చెప్పాడు, కుర్రాళ్ళు రేసుల కోసం బైకుల హెడ్లు చెక్కించుకుపోతున్నారట, రేషియో ఎంతకి పెరిగిందో ఒక్కడూ అడగట్లేదట. 150 సీసీ బైకులో 9.5 ఉంటే మిగిలే చోటు 17.6 సీసీ. అందులో ఒక్క సీసీ తగ్గితే రేషియో 10కి చేరుతుంది. ఇలా లెక్క చూడకుండా చెక్కుకుంటూ పోతే, మన బంకుల్లో మామూలు పెట్రోలుతో గట్టిగా తోలినప్పుడు నాకింగ్ (పెట్రోలు తనంతట తానే పేలడం) మొదలై పిస్టన్ పోవచ్చు. బ్యూరెట్టు ల్యాబు సామాన్ల కొట్లో దొరుకుతుంది, యాక్రిలిక్ ముక్క నేంబోర్డులు చేసేవాళ్ళ దగ్గర అడిగితే ఇస్తారు. పద్ధతి రాసి పంపుతానన్నాను. “లెక్క కూడా వేసి పంపరా, షాపులో ఒక పుస్తకం పెట్టిస్తాను” అన్నాడు బాబాయి. బైకు లెక్కతోనే మొదలుపెట్టాను.