చచ్చిన పాలే వేడిగ కనవడ్డయి

పోయిన ఎండకాలం మా బామ్మర్ది కాజీపేట నుంచి వచ్చిండు, సంచిల ఒక థర్మల్ కెమెరా ఉన్నది. వాని పనే అది, మిల్లులల్ల ప్యానెల్ బోర్డులు చూస్తడు, ఏ జాయింట్ లూజుంటే అది వేడెక్కి ఎర్రగ కనవడ్తది. నేనేమో పరకాల దిక్కు ఒక పాల సెంటర్ల టెస్టింగ్ చేస్త. చాయ్ తాగుకుంట అడిగిన, "అరే, పాలల్ల బతికున్న బ్యాక్టీరియా గూడ వేడి ఇడుస్తది గదా, నీ కెమెరాల పడ్తదా?" అని. "చూద్దాం బావా, పోయేదేముంది" అన్నడు.

నా బాధ వేరే. పొద్దుగాల క్యాన్లు వస్తయి, లాక్టోమీటర్ పెడ్తం, ఫ్యాట్ చూస్తం, అనుమానమొస్తే టెస్ట్‌ట్యూబుల జరన్ని పాలు మరగవెట్టి ఇరుగుతయా లేదా చూస్తం, ఇరగకపోతే ట్యాంకుల పోసుడే. బ్యాక్టీరియా ఎంతున్నదో తెల్వాల్నంటే 10 ఎంఎల్ పాలల్ల 1 ఎంఎల్ మిథిలీన్ బ్లూ అనే నీలం రంగు మందు కలిపి 37 డిగ్రీలల్ల పెట్టి నీలం పోయేదాక కూసోవాలె, మంచి పాలైతే 5 గంటలు దాటినా పోదు, అప్పటికి ట్యాంకర్ ఎప్పుడో ఎళ్లిపోతది. ప్లేట్ మీద బ్యాక్టీరియాను పెంచి వాటి గుంపులు (కాలనీలు) లెక్కవెట్టుడంటే ఇంక రోజు, రెండ్రోజులు. ఒక్క పాడు క్యాను ట్యాంకు మొత్తాన్ని ముంచుతది, తిట్లు మాత్రం మాకు.

వేడి సంగతి మనోళ్లకు కొత్తేం కాదు. చలికాలం పొద్దున పెంటకుప్ప గెలికితే పొగలు లేస్తయి చూడున్రి, అది సూక్ష్మజీవుల పనే. ఇండ్ల నాకు నచ్చిందేందంటే చచ్చిన బ్యాక్టీరియా వేడి పుట్టియ్యదు. పీసీఆర్ టెస్టైతే చచ్చినదాని డీఎన్ఏను గూడ పట్టి ఉన్నదనే చెప్తది.

కాకపోతే ఎంత వేడి? ఒక వాట్‌ను లక్ష కోట్ల ముక్కలు చేస్తే అండ్ల ఒకటో రెండో ముక్కలు, ఒక బ్యాక్టీరియా ఇచ్చేది గంతే. ఎంఎల్‌కు కోటి ఉన్నయి, ఒక్కోటి రెండు ముక్కలిస్తదనుకుందాం, అయినా వేడి బయటికి చుక్క పోకుంట ఆపినా గూడ ఒక్క డిగ్రీ పెరగాల్నంటే 58 గంటలు పడ్తది. ఆ కెమెరా పట్టేది 0.05 డిగ్రీ తేడా, దానికే 3 గంటలు. కాయితం మీద లెక్కేసినంక నా ఉషారు సగం దిగింది, వాడు మాత్రం ఇనలే.

ముందుగాల స్టీలు గ్లాసులల్ల పోసినం. కెమెరాల గ్లాసు నిగనిగ ఎర్రగ కనవడ్డది, తీరా చూస్తే అది మా మొఖాల వేడి, మెరిసే స్టీలు అద్దం లెక్క తిప్పికొడ్తది. ప్లాస్టిక్ కప్పులకు మార్చినం. ఒకదాంట్ల రాత్రంత బయట పెట్టిన పాలు, ఇంకోదాంట్ల మరగవెట్టి సల్లార్చిన పాలు. మరగవెట్టినయే వేడిగ కనవడ్డయి! గంట సేపు బుర్ర గోక్కున్నం. సంగతేందంటే మరిగిన పాల మీద మీగడ కట్టింది, దాని కింది నుంచి తడి ఆరదు, పచ్చిపాలు మాత్రం ఫ్యాన్ గాలికి ఆవిరైకుంట సల్లవడుతున్నయి. కెమెరా చూసేది పైపొరనే, లోపల ఏముందో దానికి కనవడనే కనవడదు.

ఫ్యాన్ బంద్ చేసినం, కప్పుల మీద పల్చటి పాలిథిన్ కవర్ బిగించినం, థర్మోకోల్ డబ్బాల పెట్టినం, ఉక్కపోతకు బనీన్లు తడిసినయి. రెండు గంటలైనంక మూత తీస్తే రాత్రి పాలు 0.2 డిగ్రీ ఎక్కువ. వాడు "బావా, దొరికింది!" అని లేచిండు. నాకెందుకో నమ్మబుద్ధి కాలే, రెండు కప్పులను అటుదిటు మార్చి ఇంకో అరగంట ఆగినం. ఈసారి మరిగిన పాలు ఎక్కువ చూపెట్టినయి. వేడి పాలది కాదు, డబ్బా మూలది, ఆ పక్క గోడకు ఎండ కొడ్తున్నది.

అసలు పనితనం ఏడున్నదంటే ఒక్కటే కప్పు వేడి కొలుసుడు కాదు, పక్కన అసుంటిదే బ్యాక్టీరియా లేనిది పెట్టి తేడా చూసుడు. క్యాలరీమీటర్లు, అంటే వేడి కొలిచే యంత్రాలు, అట్లనే మైక్రోవాట్లు (వాట్‌ల పది లక్షల వంతు) పట్టుకుంటయి, చుట్టూ ఉష్ణోగ్రత వెయ్యోవంతు డిగ్రీ గూడ కదలకుంట. మా డబ్బాకు అంత సీనెక్కడిది.

ఈ లొల్లిల నేను మర్చేపోయిన, పొద్దున అదే రాత్రి పాలకు మిథిలీన్ బ్లూ గూడ కలిపి స్టాండ్ల పెట్టిన. పోయి చూస్తే ట్యూబు ఎప్పుడో తెల్లగైంది.