బీమర్ కోచ్ ఉన్న రోజులు

1998 ఆగస్టులో ఎమ్మెస్ చదవడానికి అమెరికాలోని వర్జీనియా టెక్ యూనివర్సిటీకి వచ్చినప్పుడు, అది ఉన్న బ్లాక్స్‌బర్గ్ ఊళ్ళో ఏ కొట్టుకెళ్ళినా ఒకటే పేరు, ఫ్రాంక్ బీమర్. యూనివర్సిటీ ప్రెసిడెంట్ పేరు తెలియని వాళ్ళకి కూడా అమెరికన్ ఫుట్‌బాల్ (బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట) కోచ్ తెలుసు. ఆయన ఎక్కడి నుంచో వచ్చిన మనిషి కాదు, పక్కనే ఉన్న ఫ్యాన్సీ గ్యాప్ కొండల్లో పెరిగి, 1966 నుంచి 68 దాకా ఇక్కడే 25 నంబర్ జెర్సీతో ఆడాడు. అంటే ఆయన కూడా మనలాగే పూర్వ విద్యార్థి.

ఆయన మెడ మీద కాలిన మచ్చలు కనిపిస్తాయి. ఏడేళ్ళ వయసులో ఇంటి గరాజ్‌లో పెట్రోలు డబ్బా పేలి ఒళ్ళు కాలిపోతే అన్న నేల మీద దొర్లించి మంటలు ఆర్పాడట. ఆ తర్వాత ఎన్నో ఆపరేషన్లు. ఆసుపత్రిలో బెంగపడినప్పుడల్లా వాళ్ళమ్మ వార్డంతా తిప్పి, తనకంటే ఎక్కువ బాధలో ఉన్న పిల్లల్ని చూపించేదని ఆయనే చెప్పాడు. ఈ సంగతి విన్నాక ఓడిపోయిన రోజు కూడా ఆయన అంత నెమ్మదిగా ఎలా మాట్లాడతాడో నాకు కొంత అర్థమైంది.

మొదట్లో ఆయనకు ఓటములే ఎక్కువ. 1987లో కోచ్‌గా వచ్చాడు, మొదటి ఏడాది రెండు గెలిచి తొమ్మిది ఓడాడు. ఆరో ఏడాది, 1992లో, మళ్ళీ రెండే గెలుపులు, ఎనిమిది ఓటములు, ఒక డ్రా. ఇంకెక్కడైనా అయితే పంపించేసేవాళ్ళు. మన యూనివర్సిటీ ఉంచింది. మరుసటి ఏడాది తొమ్మిది గెలిచాడు, ఆ ఏడాది నుంచి 2015 దాకా వరసగా 23 సీజన్లు జట్టు బౌల్ గేమ్ (సీజన్ చివర మంచి జట్లని పిలిచి ఆడించే ఆట) ఆడింది. ఓపిక పట్టిన ఆ నిర్ణయం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు, నాకు మాత్రం మన యూనివర్సిటీ చేసిన మంచి పనుల్లో అదొకటి అనిపిస్తుంది.

ఆట అర్థమవ్వడానికి నాకు ఒక సీజన్ పట్టింది. చాలామంది కోచ్‌లు దాడి, రక్షణ చూసుకుని, బంతిని తన్నే ఘట్టాలను, అంటే స్పెషల్ టీమ్స్‌ని, సహాయకులకు వదిలేసేవాళ్ళు. బీమర్ ఆ పని తనే చేసేవాడు. అవతలివాళ్ళు పంట్ కొట్టబోతుంటే, అంటే బంతిని దూరంగా తన్ని మనకి వదిలేయబోతుంటే, మనవాళ్ళు దూసుకెళ్ళి బంతికి చెయ్యి అడ్డం పెట్టేవాళ్ళు, స్టేడియం అదిరిపోయేది. దీనికే బీమర్‌బాల్ అని పేరొచ్చింది.

1999 సీజన్ చూసిన మా బ్యాచ్ అదృష్టవంతులం. సిరక్యూస్ మీద 62-0. నవంబరులో వెస్ట్ వర్జీనియా దగ్గర ఓడిపోతున్నాం అనుకుంటుండగా మన దాడిని నడిపే మైకేల్ విక్ బంతితో మైదానం పక్క గీత వెంట 26 గజాలు పరిగెత్తాడు, చివరి క్షణంలో మన కిక్కర్ షేన్ గ్రాహమ్ 44 గజాల నుంచి ఫీల్డ్ గోల్ (బంతిని స్తంభాల మధ్య నుంచి తన్నడం) కొట్టాడు, 22-20తో గెలిచాం. మా అపార్ట్‌మెంట్‌లో టీవీ ముందున్న వాళ్ళం అందరం ఒకరి మీద ఒకరు పడ్డాం. పదకొండుకి పదకొండు గెలిచి 2000 జనవరి 4న న్యూ ఆర్లీన్స్‌లో జాతీయ టైటిల్ ఆట. నాలుగు క్వార్టర్లలో మూడోది అయ్యేసరికి 29-28తో మనమే ముందున్నాం. చివరికి ఫ్లోరిడా స్టేట్ 46-29తో గెలిచింది. ఆ రాత్రి వాళ్ళు మన పంట్‌నే అడ్డుకుని ఒక టచ్‌డౌన్ (బంతిని చివరి గీత దాటించడం), ఇంకో పంట్‌ని అందుకుని పరిగెత్తి ఇంకొకటి కొట్టారు. మన విద్యతోనే మనల్ని కొట్టారన్న బాధ ఇంకా పోలేదు.

2007 ఏప్రిల్ 16న క్యాంపస్‌లో జరిగిన కాల్పుల్లో 32 మందిని పోగొట్టుకున్నాం, అందులో మా సివిల్ విభాగం ప్రొఫెసర్ లోగనాథన్ గారు ఉన్నారు. సెప్టెంబరు 1న జరిగిన మొదటి ఆట నేను వేరే రాష్ట్రంలో టీవీలో చూశాను. ఈస్ట్ కరోలినా మీద 17-7తో గెలిచాం. స్కోరు కన్నా, మన లేన్ స్టేడియం మళ్ళీ నిండటం చూసి ఏడుపొచ్చింది.

2015లో బీమర్ రిటైర్ అయ్యేసరికి ఇక్కడ 238 గెలుపులు. 2018లో కాలేజీ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు. ఆయన వెళ్ళాక ఆ 25 నంబర్ జెర్సీని స్పెషల్ టీమ్స్‌లో బాగా ఆడిన కుర్రాడికి వేయించడం మొదలుపెట్టారు. ఇప్పటికీ మ్యాచ్ పెట్టగానే ఈసారి 25 ఎవరు వేసుకున్నారా అని ముందు వెతుక్కుంటాను.