బస్సు తలుపు ఏ పక్కనుందో మీరూ ఆ పక్కనే ఉండండి

జూన్ 12న బడులు తెరుస్తారంటే మే నెలాఖరుకే కొత్త బ్యాగు, బూట్లు ఇంటికొచ్చేస్తాయి. బస్సెక్కడం, దిగడం మాత్రం మొదటిరోజు పొద్దున్న గేటు దగ్గర కంగారుగా నేర్పుతాం. ఎల్‌కేజీ పిల్లకు అది చాలదు. రోజూ పది నిమిషాల చొప్పున రెండు వారాలైనా సాధన కావాలి.

అసలు భయపడాల్సింది దిగిన తర్వాత అర నిమిషం గురించే. నాలుగేళ్ల పిల్ల ఎత్తు ఇంచుమించు మీటరు. బంపరుకు ఆనుకుని నిలబడితే డ్రైవరుకు తల మీద రిబ్బను కూడా కనపడదు. వెనక చక్రాల దగ్గర, బస్సు వెనకాల కూడా అంతే. కావాలంటే ఆగి ఉన్న బస్సులో డ్రైవరును అడిగి ఆ సీట్లో కూర్చుని చూడండి. బంపరు ముందు స్టూలు వేసి, దాని మీద బకెట్ బోర్లించండి చాలు. పిల్లను మాత్రం నిలబెట్టొద్దు, అక్కడ నిలబడొచ్చని నేర్చుకుంటుంది.

ఇంటి ముందు ముగ్గుపిండితో బస్సు గీయండి. వెడల్పు 8 అడుగులు, పొడవు వాకిలి ఉన్నంత. తలుపు ఎడమ పక్కన పెట్టండి. బస్సు చుట్టూ పిల్ల అంగలతోనే పది పెద్ద అంగలు కొలిచి ఇంకో గీత గీయండి. బస్సు పూర్తిగా ఆగి, ఆయమ్మ పిలిచేదాకా ఆ గీత దాటకూడదు. దిగాక పైకి లెక్కపెడుతూ పది అంగలు నేరుగా అవతలికి నడవాలి. సందులు ఇరుకైతే ఇంటి గేటు లోపలికి, లేదా గోడకు ఆనుకునేలా వెళ్లాలి.

ఇప్పుడు ఆ గీతల మధ్య వాటర్ బాటిల్ దొర్లించి, "వదిలేయ్, ఆయమ్మకు చెప్పు" అనండి. ఎక్కువమంది పిల్లలు తప్పేది ఇక్కడే. బాటిల్ పోతే అమ్మ తిడుతుందన్న భయం ఉన్న పిల్ల దాని కోసం చక్రం కిందికైనా వంగుతుంది. పోతే కొత్తది కొందామని ముందే చెప్పండి, నిజంగా పోయినరోజు కూడా తిట్టకండి.

బ్యాగు, లంచ్ బాక్స్ ఆయమ్మే దింపి ఇవ్వాలి. పిల్ల రెండు చేతులూ ఖాళీగా ఉంటేనే రాడ్ పట్టుకోగలదు. చివరి మెట్టు మీద ఆగి ఎడమకు చూడాలి, బస్సుకూ రోడ్డు అంచుకూ మధ్యలోంచి బైకులు దూరిపోతాయి. ఐడీ కార్డు ట్యాగు చొక్కా లోపలికి, వేలాడే బ్యాగు పట్టీలు ముడివేసి ఉండాలి. తలుపుకో రాడ్‌కో చిక్కుకుని బస్సు కదిలితే పిల్లనూ లాక్కుపోతుంది.

పెద్దవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది, అన్నిటికన్నా ప్రమాదం అదే. ఇల్లు అవతలి పక్కనుంటే అక్కడే నిలబడి "రా నాన్నా" అని చెయ్యి ఊపుతారు. అమ్మ కనపడగానే పిల్ల బస్సు ముందునుంచే పరిగెత్తుతుంది. బస్సు రాకముందే రోడ్డు దాటి తలుపు పక్కన ఉండండి. బస్సు వెళ్లిపోయాక, రెండు వైపులా చూసి, చెయ్యి పట్టుకుని దాటించండి. తాతయ్యో నాయనమ్మో వెళ్లే రోజుల్లో వాళ్లకూ ఇదే చెప్పండి. అక్కను ఎక్కించడానికి వెంట వచ్చిన చంటిది ఉంటే చంకనే ఉండాలి. మీరు టాటా చెప్పే లోపు అది చక్రం దగ్గరికి చేరగలదు.

స్టాపులో తెలిసినవాళ్లు లేకపోతే దిగకుండా ఆయమ్మతోనే ఉండాలని పిల్లకు నేర్పండి, స్కూల్లోనూ ఆ మాట చెప్పి ఉంచండి. నిద్రపోయి లేచేసరికి బస్సులో ఎవరూ లేకపోతే డ్రైవరు సీటు దగ్గరికెళ్లి ఎవరైనా వచ్చేదాకా హారన్ నొక్కాలి. ఇదీ ఒకసారి నిజం బస్సులోనే చేయించండి, చిన్న చేతులకు ఆ బటన్ గట్టిగా ఉంటుంది.

బస్సు సంగతి కూడా అడగండి. వేసవిలో ఫిట్‌నెస్ చేయించారా, కిటికీలకు అడ్డకమ్మీలు ఉన్నాయా, మంటలార్పే సిలిండరు, ప్రథమ చికిత్స పెట్టె ఉన్నాయా, దిగేటప్పుడు ఆయమ్మ కిందికి దిగుతుందా? ఆయమ్మ లేని బస్సైతే నేను ఒప్పుకోను.

వానలు మొదలయ్యాక ముగ్గు మళ్లీ గీయండి. రెయిన్‌కోటు టోపీ పక్కచూపును మూసేస్తుంది కాబట్టి ఈసారి కోటు వేసి, తల మొత్తం తిప్పి చూడటం సాధన చేయించాలి.