విజయనగరంలో బ్యారీ హారిస్ పాఠాలు: నా అనుభవం

న్యూయార్క్‌లో దశాబ్దాల పాటు వారం వారం క్లాసు చెప్పిన జాజ్ పియానిస్టు బ్యారీ హారిస్ 2021 డిసెంబరు 8న పోయారు. ఇంకో వారం ఉంటే 92 నిండేవి. నేను ఆయన్ని చూసింది ఫోన్‌లోనే. అయినా ఈ రోజు నాకు కీబోర్డ్ మీద వచ్చినదాంట్లో సగానికి పైగా ఆయన పెట్టిన భిక్షే. జాజ్ నేర్చుకోవాలని ఉండి, చెప్పేవాళ్ళు దొరక్క ఆగిపోయినవాళ్ళు మన ఉత్తరాంధ్రలోనూ ఉంటారు. వాళ్ళకి పనికొస్తుందేమోనని ఇది రాస్తున్నాను.

మాది విజయనగరం. చిన్నప్పుడు గాత్రం నేర్చుకున్నాను. తర్వాత పెళ్ళిళ్ళకీ, వినాయక చవితి పందిళ్ళకీ ఆర్కెస్ట్రాలో కీబోర్డ్ వాయిస్తూ వచ్చాను. పాటకి కార్డ్స్, అంటే ఒకేసారి కలిపి నొక్కే స్వరాల గుంపులు, పట్టడం వచ్చు, అంతే. సి మేజర్ కార్డ్ పట్టుకుంటే మళ్ళీ మారేదాకా ఎడమచెయ్యి అక్కడే ఉండిపోయేది. లాక్‌డౌన్‌లో ప్రోగ్రాములు పోయాయి, బోలెడు ఖాళీ దొరికింది. జాజ్ వీడియోలు చూస్తే చాలావాటిలో మొదటి నిమిషంలోనే నోరు తిరగని కార్డ్ పేర్లు. టెన్షన్ తప్ప ఏమీ ఒంటపట్టలేదు.

హారిస్ గారి వీడియో వాటిలా లేదు. ఒక గదినిండా జనం, పియానో చుట్టూ మూగి ఉన్నారు. ముసలాయన కసురుతున్నాడు, జోకులేస్తున్నాడు, మధ్యలో తనే పాడేస్తున్నాడు. కొత్తగా వచ్చిన పిల్లలు, అప్పటికే కచేరీలు చేసేవాళ్ళు, గాయకులు, శాక్సఫోన్ వాళ్ళు అందరూ కలిసే కూర్చున్నారు. ఆయన యాస మొదట్లో సగమే అర్థమయ్యేది. స్పీడు తగ్గించి విని, ఆయన చెప్పిన ప్రతి మెట్టునీ సరిగమల్లో రాసుకున్నాను. అక్కడే దారి దొరికింది.

ఆయన పాఠానికి మూలం ఎనిమిది స్వరాల స్కేలు, అంటే స్వరాల వరస. శంకరాభరణం తీసుకుని, పంచమానికీ చతుశ్రుతి ధైవతానికీ మధ్య శుద్ధ ధైవతాన్ని కూడా పెట్టడమే. అంటే శంకరాభరణం, సరసాంగి రాగాలు రెండూ ఒకే వరసలో ఉన్నట్టు. నాకు గాత్రం చెప్పిన మాస్టారికి వినిపిస్తే, "ఏటిరా ఇది? రెండు ధైవతాలు పక్కపక్కనే ఏటి?" అన్నారు. "రాగం కాదు మాస్టారూ, కార్డ్స్ కోసం" అన్నాను. "అయితే మరేటి పర్లేదు" అని కాఫీ తాగారు.

ఆ ఎనిమిదింటిలో ఒకటి వదిలి ఒకటి తీసుకుంటే రెండే కార్డ్స్ వస్తాయి. స గ ప, చతుశ్రుతి ధ ఒకటి. రి మ, శుద్ధ ధ, ని రెండోది. మొదటిది ఇల్లు, రెండోది ఇంట్లోంచి బయటికి వేసే అడుగు. స్కేలు పొడుగునా ఈ రెండూ ఒకదాని తర్వాత ఒకటి వస్తూనే ఉంటాయి. సి మేజర్ మీద బొమ్మలా కూర్చునే నా ఎడమచెయ్యికి అలా నడక వచ్చింది. కార్డ్ అంటే ఆగే చోటు కాదు, కదిలేది అని అంతకుముందు నాకెవరూ చెప్పలేదు.

ఎనిమిదో స్వరం ఎందుకో ఎనిమిది దెబ్బల ఆది తాళం తెలిసినవాళ్ళకి తేలిగ్గా అర్థమవుతుంది. ఏడు స్వరాలనే ఎనిమిది దెబ్బల్లో తిప్పుతూ పోతే, రెండో ఆవర్తనానికే స్వరాల స్థానం జరిగిపోతుంది. కార్డ్‌లో ఉన్న స్వరం గట్టి దెబ్బ మీద పడాల్సింది పోయి పక్కకి పడుతుంది. ఎనిమిది ఉంటే ఆ గొడవ లేదు. స, గ, ప, చతుశ్రుతి ధ ఎప్పుడూ 1, 3, 5, 7 మీదే పడతాయి. వేగంగా వాయించినా వరస చెదరదు.

అసలు కష్టం ఆ తర్వాత. మనం ఒక శ్రుతి పెట్టుకుని ఏళ్ళ తరబడి అందులోనే పాడతాం. ఇక్కడ అదే పాఠం పన్నెండు శ్రుతుల్లోనూ చేతికి రావాలి. కీబోర్డ్ మీద నల్ల మెట్లు ఎక్కువున్న చోట నా వేళ్ళు మొరాయించాయి. ఆయన చెప్పిన ఒక లెక్కతో భారం కొంత తగ్గింది. ఆ రెండో రకం కార్డ్‌లో స్వరాల మధ్య దూరం అన్నిచోట్లా సమానం కాబట్టి, పన్నెండు శ్రుతులకీ కలిపి అలాంటివి మూడే ఉంటాయి. పన్నెండు స్వరాలు సృష్టికి మూలమనీ, ఈ మూడు కార్డ్స్ వాటి సంతానమనీ ఆయన పురాణంలా చెప్పేవారు. నాకు పుస్తకంలో చదివిన ఏ సూత్రం కన్నా ఆ కథే బాగా గుర్తుంది.

తాళం దగ్గర ఇంకో చిక్కు. మనకి సమం మీద, అంటే తాళంలో మొదటి దెబ్బ మీద, బరువు వేయడం అలవాటు. జాజ్‌లో చప్పట్లు రెండో దెబ్బ మీదా, నాలుగో దెబ్బ మీదా పడతాయి. లయ కోసం టిక్ టిక్ మని మోగే మెట్రోనోమ్ యాప్ ఆ రెండు దెబ్బలకే మోగేలా పెట్టుకుని సాధన చేశాను. మొదట్లో తల తిరిగింది. కొంతకాలానికి ఒంటికి పట్టింది. దీనికి అడ్డదారి ఏమీ కనపడలేదు.

పియానోకి గమకం, అంటే స్వరాన్ని ఊపి పలికించడం, లేదు కదా, విజయనగరంలో పుట్టి ఇదేం పిచ్చి అన్నవాళ్ళున్నారు. పియానోలో గమకం పలకదన్నది నిజమే, నేను వాదించను. కానీ 1919లో ఇక్కడ గాన పాఠశాల పెట్టినప్పుడు ద్వారం వెంకటస్వామినాయుడు గారు నేర్పింది వయొలిన్. అదీ పడమటి నుంచి వచ్చినదే. పక్క వాయిద్యంగా ఉన్న దాన్ని ఆయన సోలో కచేరీల స్థాయికి తీసుకెళ్ళారు. ఈ ఊరికి బయటి వాయిద్యం కొత్తేమీ కాదు.

హారిస్ గారికి తొలి పాఠం చెప్పింది వాళ్ళమ్మ. డెట్రాయిట్‌లో చర్చి పియానిస్టు ఆమె. కుర్రతనంలోనే ఆయన తోటివాళ్ళకి నేర్పడం మొదలుపెట్టారు. 1982లో న్యూయార్క్‌లో జాజ్ కల్చరల్ థియేటర్ తెరిచారు, కచేరీలూ క్లాసులూ అక్కడే. 1987లో అది మూతపడినా ఆయన క్లాసులు మాత్రం ఆపలేదు, చోటు మార్చారంతే. కోవిడ్ వచ్చాక, తొంభై దాటిన మనిషి, జూమ్‌లో కూర్చుని ప్రపంచమంతటి పిల్లలకీ అదే స్కేలు చెప్పారు. చివరికి ఆ కోవిడే ఆయన్ని తీసుకుపోయింది. ఆ వార్త తెలిసిన రోజు నాకు సాధన మీద ధ్యాస నిలవలేదు. ఆయన వాయించిన పాత రికార్డులు వింటూ ఉండిపోయాను.

ఇప్పుడు మా వీధి పిల్లలు కొందరు సాయంత్రాలు వస్తారు. మా దగ్గర ఉన్నది 61 మెట్ల కీబోర్డ్ ఒక్కటే. అందుకే ఒకరు వాయిస్తుంటే మిగతావాళ్ళు అదే వరస పాడతారు. హారిస్ గారి గదిలో చూసిన పద్ధతే అది, మాకు గత్యంతరం లేక కుదిరింది. సరళీ వరసలు (మన సంగీతంలో తొలి పాఠాలు) వచ్చిన పిల్లలు ఎనిమిది స్వరాల స్కేలుని ఇట్టే పట్టేశారు. అవి రానివాళ్ళకి ముందు వాటినే నేర్పుతున్నాను.

మేజర్ అయ్యాక మైనర్‌లోకి వచ్చాం. గాంధారం ఒక్కటి సాధారణ గాంధారంగా మారుతుంది. అంటే గౌరీమనోహరీ కీరవాణీ రాగాలు కలిసినట్టు. ఈ నెలలో డి, జి శ్రుతులు అయ్యాయి. నల్ల మెట్లవి ఇంకా మిగిలే ఉన్నాయి.